స్పోర్ట్స్ కారు కొన్నారా? ముందు బ్రేకులు: ప్యాడ్లు, ఫ్లూయిడ్ ఇంటి దగ్గరే మార్చుకునేది ఎట్లా

మన తిరుపతి, చిత్తూరు పక్క స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు జాస్తి భాగం బెంగళూరులోనో మద్రాసులోనో సెకండ్ హ్యాండ్‌లోనే కొంటారు. పోర్షా బాక్స్‌స్టర్ కావచ్చు, బీఎండబ్ల్యూ జెడ్4 కావచ్చు, ఆడి టీటీ, మస్టాంగ్ ఏదైనా కావచ్చు, కారు ఇంటికొచ్చిన వారంలోనే ఎగ్జాస్ట్ ఏది వేద్దాం, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) యాడ చేస్తారు, స్ప్రింగులు మార్చి కిందికి దించుదామా అని మొదలవుతాది. నేను చెప్పేది ఒకటే, ఆ లిస్టంతా పక్కన పెట్టి మొదటి రూపాయి బ్రేకుల మీద పెట్టండి. మన ఊరికి, మన రోడ్లకి స్పోర్ట్స్ కారు మీద చేయగలిగిన అన్నిటికన్నా మంచి మాడిఫికేషన్ అదే, పైగా ఓపిక ఉంటే ఒక శని ఆదివారాల్లో ఇంటి ముందరే చేసుకోవచ్చు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మనం కొండల మధ్యన ఉన్నాం. బెంగళూరు నుంచి కారు తోలుకొని వస్తే పలమనేరు దాటినాక మొగిలి ఘాట్ దిగాలి, మదనపల్లె పక్క నుంచి వస్తే భాకరాపేట ఘాట్ దిగాలి, ఇంక తిరుమల సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మనం దిగే డౌన్ ఘాట్ 1944లో వేసిన పాత రోడ్డు, సుమారు 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, ఎక్కేది 1974లో వచ్చిన రెండోది. ఎక్కేటప్పుడు కారు ఇంజన్ చూపిస్తాది, దిగేటప్పుడే అసలు పరీక్ష.

ఒక లెక్క వేసి చూడండి. తిరుమలకి అలిపిరికి ఎత్తు తేడా దగ్గర దగ్గర 700 మీటర్లు. ఇద్దరు కూర్చున్న 1500 కేజీల కారు అంత ఎత్తు నుంచి దిగితే, పైకి పోయేటప్పుడు పెట్రోలు కాల్చి సంపాదించిందంతా వేడి కింద మారి యాడో ఒక చోట బయటికి పోవాల్సిందే, ఆ వేడి సుమారు 30 లీటర్ల నీళ్లని మరిగించేంత. గాలి కొంత తీసుకుంటాది, గేరులో దిగితే ఇంజన్ కొంత తీసుకుంటాది, మిగతాదంతా చక్రాల లోపలుండే నాలుగు బ్రేకు డిస్కుల మీదే. మీరు న్యూట్రల్‌లో వేసుకొని పెట్రోలు మిగిల్చుకుందామని దిగితే మొత్తం డిస్కుల మీదే. డౌన్ ఘాట్‌లో మోకాళ్ల మిట్ట దగ్గర నడకదారి భక్తులు రోడ్డు పక్కనే నడుస్తా ఉంటారు, పిల్లల్ని ఎత్తుకొని, ముసలోళ్లు కర్ర పట్టుకొని. అక్కడ పెడల్ లోపలికి పోతే ఏమవుతాదో ఆలోచించండి.

బ్రేకులు వేడికి రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి, ఈ తేడా తెలుసుకోండి. ఒకటి ప్యాడ్ ఫేడ్, అంటే డిస్కుని నొక్కి ఆపే ప్యాడ్ వేడికి పట్టు కోల్పోవడం, పెడల్ కాలి కింద గట్టిగానే ఉంటాది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు, కాలిన వాసన వస్తాది. రెండోది పెడల్ బలాన్ని చక్రాల దాకా మోసే బ్రేక్ ఫ్లూయిడ్ మరగడం, పెడల్ మెత్తగా అయిపోయి కిందికి పోతాది. రెండోదే జాస్తి ప్రమాదం, ఎందుకంటే చివరి నిమిషం వరకు ఏమీ తెలీదు. బ్రేక్ ఫ్లూయిడ్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, అదే 3.7 శాతం నీళ్లు చేరినాక 155 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలు నొక్కితే నలుగుతాయి, పెడల్ మీద మీరు పెట్టిన బలం ప్యాడ్లని డిస్కు మీద నొక్కే కాలిపర్ దాకా పోదు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు సంగతేంటంటే ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లే తిరిగి ఉంటాది, కిలోమీటర్లు కాలేదు కదా అని ఓనరు ఫ్లూయిడ్ మార్చి ఉండడు. ఫ్లూయిడ్‌కి కిలోమీటర్లతో పనిలేదు, రెండేళ్లయితే మార్చాల్సిందే.

ముందు ఏముందో చూడండి

చక్రం సందుల్లో నుంచి టార్చ్ కొట్టి ప్యాడ్ మందం చూడండి. కొత్తది 10, 12 మిల్లీమీటర్లు ఉంటాది, 3కి దగ్గరపడితే మార్చేయాలి, ఘాట్ రోజూ ఎక్కి దిగేవాళ్లయితే 5 దగ్గరే మార్చండి అంటాను నేను, పల్చటి ప్యాడ్ వేడిని ఆపలేక కాలిపర్‌కి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కి పంపిస్తాది. తర్వాత డిస్కు అంచు మీద గోరు పెట్టి లోపల నుంచి బయటికి లాగండి, చివర గట్టులాగా గోరుకి తగిలితే అంత మందం అరిగిందని అర్థం. ఎంత వరకు అరగొచ్చో డిస్కు మీదే చెక్కి ఉంటాది, మిన్ టీహెచ్ (కనీస మందం) అని రాసి పక్కన అంకె. వెర్నియర్‌తో కొలిచేటప్పుడు ఆ గట్టు అడ్డం వచ్చి మందం జాస్తిగా చూపిస్తాది, అందుకని డిస్కుకి రెండు పక్కలా ఒక్కో రూపాయి బిళ్ల పెట్టి కొలిచి బిళ్లల మందం తీసేయండి. సన్నటి వెంట్రుక లాంటి గీతలు డిస్కు మీద ఉంటే వేడికి వచ్చినవి, అవి అంచు దాకా పోయినా, రంధ్రాలున్న డిస్కులో ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి కలిసినా డిస్కు మార్చేయడమే, దాంట్లో బేరం లేదు.

టైర్లు కూడా ఇప్పుడే చూసేయండి. గుబ్బలు బాగున్నాయని మోసపోవద్దు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. ఇట్లాంటి కార్లు షెడ్డులో నిలబడే ముసలైపోతాయి, రబ్బరు గట్టిపడిపోతాది, ఆరేళ్లు దాటిన టైరుతో కొండ దిగొద్దు. ఎంత మంచి బ్రేకులేసినా రోడ్డుని పట్టుకునేది టైరే.

ఇంకొకటి, మీ కాలిపర్లు పసుపు రంగులో ఉండి కారు పోర్షా అయితే అవి సిరామిక్ డిస్కులు కావచ్చు. ఎవరో పసుపు పెయింట్ కొట్టించినవి కూడా ఉంటాయి, ఛాసిస్ నంబరుతో కనుక్కోండి. నిజంగా సిరామిక్ అయితే చక్రం తీసేటప్పుడు డిస్కు అంచుకి తగిలినా పెచ్చు లేస్తాది, దాని ఖరీదుకి ఇంటి దగ్గర ప్రయోగం వద్దు, తెలిసినోళ్ల దగ్గరికే పోండి.

సామాన్లు

ప్యాడ్లు, డిస్కులు ఛాసిస్ నంబరు ఇచ్చి ఆర్డర్ పెట్టండి, మోడల్ పేరు చెప్పి కాదు. ఒకే మోడల్లో ఒకే సంవత్సరంలో రెండు మూడు సైజుల బ్రేకులుంటాయి. టెక్స్‌టార్, పేగిడ్, ఏటీఈ, బ్రెంబో ఇవన్నీ కంపెనీలకి సప్లై చేసేవాళ్లవే, షోరూం డబ్బాలో కొంటే బొమ్మకి డబ్బులిచ్చినట్టే చాలాసార్లు. ప్యాడ్ వెనకాల రేకు మీద ఆర్90 (బ్రేక్ ప్యాడ్ల నాణ్యతకి ఉన్న ప్రమాణం) అని అప్రూవల్ నంబరు ఉందా చూడండి, లేకపోతే తీసుకోవద్దు. రేస్ ప్యాడ్లు మాత్రం వద్దు. ట్రాక్ మీద బాగా వేడెక్కినాకే అవి పట్టుకుంటాయి, పొద్దున్నే చల్లటి బ్రేకులతో లీలామహల్ సర్కిల్‌లో ఆటో అడ్డమొస్తే అవి పట్టవు, కీచుమని ఊరంతా వినపడుతాయి, డిస్కుల్ని తినేస్తాయి. రోడ్డు మీద నడిచే మంచి స్పోర్ట్స్ ప్యాడ్ లేదా కంపెనీ ప్యాడ్ చాలు.

ఫ్లూయిడ్ డాట్ 4 మంచి కంపెనీది సీల్ ఉన్న డబ్బా ఒక లీటరు. డాట్ 5.1 కూడా వాడొచ్చు, అది కొత్తగా 260, నీళ్లు చేరినాక 180 డిగ్రీల వరకు ఓర్చుకుంటాది. ఈఎస్‌పీ (కారు జారకుండా బ్రేకుల్ని తనే సర్దే సిస్టమ్) ఉన్న చాలా జర్మన్ కార్లు పల్చగా ఉండే ఎల్‌వి రకం డాట్ 4 అడుగుతాయి, మాన్యువల్‌లో చూసుకొని అదే తెచ్చుకోండి. ఒట్టి డాట్ 5 అని రాసుంటే మాత్రం ముట్టుకోవద్దు, అది సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందే తప్ప రెండిటికీ సంబంధం లేదు, కలిపితే సిస్టమ్ పాడవుతాది. షాపులో సగం వాడి మూత పెట్టిన డబ్బా ఇస్తే తీసుకోవద్దు.

మిగతావి: ట్రాలీ జాక్, తక్కువ ఎత్తుది, నాలుగు యాక్సిల్ స్టాండ్లు, టార్క్ రెంచ్, బ్రేక్ క్లీనర్ రెండు డబ్బాలు, బ్రేకులకని అమ్మే సిలికాన్ లేదా సిరామిక్ గ్రీజు, నిపుల్‌కి (కాలిపర్ మీద ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న మర) సరిపోయే రింగ్ స్పానర్, జర్మన్ కార్లలో చాలావాటికి 11 నంబరు, పారదర్శకంగా ఉండే ట్యూబు ఒక మీటరు, అక్వేరియం షాపులో దొరికేది చాలు, ఖాళీ సీసా, గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు. ప్యాడ్ సెన్సర్ వైరు ఉండే కార్లకి కొత్త సెన్సర్ కూడా తెచ్చుకోండి, పాతది తీసేటప్పుడు తరచుగా విరిగిపోతాది. మామూలు గ్రీజు, చక్రాల బేరింగ్ గ్రీజు బ్రేకుల్లో రాయొద్దు, రబ్బరు ఉబ్బిపోయి కాలిపర్ పట్టేస్తాది.

కారు లేపడం

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇది. మన చిత్తూరు పక్క గ్రానైట్ యాడ చూసినా దొరుకుతాది, కుప్పం గ్రీన్ ముక్కలు ఇంటి వెనకాల పడుంటాయి, కొందరు వాటినే పేర్చి కారు నిలబెడతారు. ఇటుకలు కూడా పెడతారు. చేయొద్దు. రాయి చూడ్డానికి గట్టిదే కానీ ఒక మూల మీద బరువు పడి పగిలిందంటే ముందుగా వంగి చెప్పదు, ఒక్కసారిగా పోతాది. జాక్ కూడా కారు లేపడానికే, పట్టుకొని ఉంచడానికి కాదు. బరువు స్టాండ్ల మీదకి దించాకే చెయ్యి లోపల పెట్టండి.

స్పోర్ట్స్ కారు నేలకి దగ్గర ఉంటాది కాబట్టి జాక్ కిందికి దూరదు. టింబర్ డిపోలో ఒకటిన్నర అంగుళం మందం పలకలు రెండు కొట్టించుకొని, కారు వాటి మీద ఎక్కించి, అప్పుడు జాక్ పెట్టండి. జాక్ పాయింటు యాడుందో మాన్యువల్‌లో బొమ్మ ఉంటాది, సిల్ (తలుపుల కింద అంచు) కింద గట్టి ప్యాడ్లు, అక్కడే. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, మట్టి నేలైనా పని పెట్టుకోవద్దు, ఎండకి కాగిన తారు మీద కూడా స్టాండు కాళ్లు దిగబడతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ సిమెంటు నేల బెస్టు, సెక్రటరీకి ఒక మాట చెప్పుకోండి. ఎత్తకముందే చక్రం బోల్టులు అర చుట్టు వదులు చేసి పెట్టుకోండి, తర్వాత చక్రం గాలిలో తిరుగుతా ఉంటే రావు. స్టాండ్ల మీద పెట్టినాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూడండి, అప్పుడు కదిలితే మేలు, మీరు లోపల ఉన్నప్పుడు కాదు. తీసిన చక్రాన్ని సిల్ కింద పడుకోబెట్టండి, అది రెండో కాపలా.

ప్యాడ్లు మార్చడం

ఒక పక్క పూర్తిగా అయినాకే రెండో పక్క విప్పండి, ఏది ఎట్లా ఉండేదో మర్చిపోతే పక్కది చూసుకోవచ్చు. ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. బానెట్ ఎత్తి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా (రిజర్వాయర్) మూత తీసి లెవెల్ చూడండి, కాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్ వెనక్కి నెట్టితే ఫ్లూయిడ్ పైకొస్తాది, నిండుగా ఉంటే సిరంజితో కొంచెం తీసేయండి. బాక్స్‌స్టర్ లాంటి ఇంజన్ మధ్యలో ఉండే కార్లకి రిజర్వాయర్ ముందర డిక్కీ దగ్గర ఉంటాది. ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతాది, పడిన వెంటనే నీళ్లతో కడగండి, గుడ్డతో రుద్దొద్దు. ఫెండర్ మీద పాత దుప్పటి పరుచుకొని మొదలుపెట్టండి.

వెనక చక్రాల విషయంలో ఒక హెచ్చరిక. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ మోటార్ కాలిపర్ మీదే ఉండే కార్లలో, స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) పెట్టి సర్వీస్ మోడ్‌లోకి పంపకుండా పిస్టన్ నెట్టితే మోటార్ పాడవుతాది. కేబుల్ హ్యాండ్‌బ్రేక్ కాలిపర్ మీదకే వచ్చే కార్లలో వెనక పిస్టన్‌ని చాలావాటికి నొక్కుతా తిప్పాలి, తిన్నగా నెడితే పోదు. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి.

జారే కాలిపర్ అయితే వెనకాల అది జారే గైడ్ పిన్నుల బోల్టులు రెండు విప్పితే కాలిపర్ వస్తాది, దాన్ని బ్రేక్ పైపు మీద వేలాడదీయొద్దు, బైండింగ్ వైరుతో స్ప్రింగుకి కట్టండి. నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ కాలిపర్ అయితే ఇంకా సుళువు, కాలిపర్ తీయనక్కర్లేదు, అడ్డంగా ఉన్న పిన్ను కొట్టి స్ప్రింగు రేకు తీస్తే ప్యాడ్లు పైకి జారి వస్తాయి. పాత ప్యాడ్ అట్లానే ఉంచి దాని మీద నుంచే పిస్టన్‌ని మెల్లగా వెనక్కి నెట్టండి, తొందరపడొద్దు. నెట్టేటప్పుడు ఒక పిస్టన్ లోపలికి పోతే పక్కది బయటికొస్తాది, రెండూ చూసుకుంటా చేయండి. పిస్టన్ చుట్టూ రబ్బరు బూటు చిరిగి ఉన్నా, తడి కనిపించినా ప్యాడ్లు మార్చి లాభం లేదు, కాలిపర్ సీల్ కిట్ వేయించాలి.

రెండు ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూడండి, ఇది చాలామంది చేయరు. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తగా ఉంటే గైడ్ పిన్ను పట్టేసిందని. ఒకే ప్యాడ్ ఒక పక్క ఏటవాలుగా అరిగితే ప్యాడ్ కూర్చునే గాడిలో తుప్పు. పిన్నులు తీసి క్లీనర్‌తో తుడిచి, పల్చగా గ్రీజు రాసి, చేత్తో తోస్తే మెత్తగా జారేట్టు పెట్టండి. గాడిలో తుప్పుని వైరు బ్రష్‌తో గీకండి. ఆ నల్ల దుమ్ముని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు, క్లీనర్‌తో తడిపి తుడవండి. కొత్త ప్యాడ్ వెనక రేకు తగిలే చోట్ల మాత్రమే గ్రీజు, ప్యాడ్ ముఖానికి, డిస్కుకి ఒక్క చుక్క కూడా తగలకూడదు. కొత్త డిస్కు అయితే దాని మీద తుప్పు పట్టకుండా నూనె రాసి పంపిస్తారు, క్లీనర్‌తో రెండుసార్లు కడగండి. డిస్కు, చక్రం బిగించే హబ్ ముఖం మీద తుప్పు గీకకుండా బిగిస్తే డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుని, కొన్నాళ్లకి బ్రేకు కొడితే స్టీరింగ్ వణుకుతాది, డిస్కు వంగిందని దాన్ని తిడతాం.

కాలిపర్ బోల్టులు కొన్ని కార్లలో ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. టార్క్ మాన్యువల్ ప్రకారం, ఊహించి బిగించొద్దు.

ఫ్లూయిడ్ మార్చడం

ఇక్కడ ఇంకో మనిషి కావాలి, తమ్ముడో బావమరిదో ఎవరైనా సీట్లో కూర్చొని మీరు చెప్పినట్టు మాత్రమే పెడల్ తొక్కేవాళ్లు. సొంత తెలివి వాడకూడదు ఈ పనికి. ముందే మాట్లాడుకోండి, మీరు "తొక్కు" అంటే మెల్లగా తొక్కి "పట్టినా" అని చెప్పాలి, మీరు నిపుల్ మూసి "వదులు" అనేదాకా కాలు ఎత్తకూడదు. నిపుల్ తెరిచి ఉండగా కాలు ఎత్తితే గాలి లోపలికి పోతాది, పని మొదటికొస్తాది. పెడల్ కింద ఒక కట్టెముక్క పెట్టండి, అడుగు దాకా పోకుండా. పాత కార్లలో మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని తోసే భాగం) సీలు రోజూ తిరిగే చోటు దాటి ముందర తుప్పు ఉంటాది, పెడల్ నేల దాకా తొక్కితే సీలు దాని మీద రాసుకొని చిరుగుతాది, ఫ్లూయిడ్ మార్చినాక మాస్టర్ సిలిండర్ పోయింది అనేవాళ్లలో చాలామందిది ఇదే కథ.

మామూలుగా రిజర్వాయర్‌కి దూరం ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి, కానీ మీ మాన్యువల్ వేరే వరస చెప్తే అదే ఫైనల్. ముందు రిజర్వాయర్‌లో నల్లటి పాతది సిరంజితో తీసేసి కొత్తది పోయండి. తర్వాత నిపుల్ మీద ముందు స్పానర్, ఆపైన ట్యూబు ఎక్కించి రెండో కొసని సీసాలో కొంచెం కొత్త ఫ్లూయిడ్ పోసి అందులో ముంచండి. తొక్కు, పట్టినా, పావు చుట్టు తెరువు, ట్యూబులో పోతాది చూడండి, మూసెయ్, వదులు. ఇదే మళ్లీ మళ్లీ.

ఆ ట్యూబులోనే మీ కారు చరిత్రంతా కనిపిస్తాది. మొదట డికాషన్ రంగులో వస్తాది, ఒక్కోసారి నల్లటి నలుసులతో, మధ్యలో సన్నటి బుడగలు వరసగా. కాసేపటికి రంగు పల్చబడి, పాతది కొత్తది ట్యూబులో ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు కనిపిస్తాది, ఆ గీత దాటి తేనె రంగు తేటగా బుడగ లేకుండా వస్తా ఉంటే ఆ చక్రం అయినట్టే. నాలుగు పిస్టన్ల కాలిపర్లకి ఒక్కోదానికి రెండు నిపుల్స్ ఉంటాయి, రెండూ చేయాలి. ప్రతి నాలుగైదు తొక్కులకి ఒకసారి రిజర్వాయర్ చూడండి, అది ఖాళీ అయ్యి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోయిందా, స్కానర్‌తో పంపు తిప్పితే గానీ ఆ గాలి రాదు. నిపుల్ చిన్నది, లోపల బోలు, బలం చూపిస్తే విరిగిపోతాది, బిగువు తగిలినాక కొంచెం చాలు. పైన రబ్బరు టోపీ పెట్టండి, వానలకి తుప్పు పట్టకుండా.

నాలుగూ అయినాక ఇంజన్ ఆపి పెడల్ తొక్కి పట్టుకోండి, గట్టిగా ఒకే ఎత్తులో నిలబడాలి. మెల్లగా కిందికి దిగిపోతా ఉంటే లీకు ఉంది, స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి ఉంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగుతాది, అది పెడల్ బలం పెంచే బూస్టర్ పని, భయపడక్కర్లేదు. చక్రాలు పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించి, కారు నేల మీద దించినాక టార్క్ రెంచ్‌తో ఫైనల్ చేయండి. జర్మన్ కార్లలో జాస్తి భాగం 120 నుంచి 160 న్యూటన్ మీటర్ల మధ్య, కొత్త తరం మస్టాంగ్‌కి 204. మీది ఎంతో చూసుకోండి. 50, 100 కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ ఒకసారి చెక్ చేయండి. పంక్చర్ షాపులో గన్‌తో టకటకా బిగించనియ్యొద్దు.

కారు కదిలించక ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. ప్యాడ్లు మార్చినాక మొదటి తొక్కుకి పెడల్ అడుగు దాకా పోతాది, అది మర్చిపోయి రివర్స్ తీసి గోడకి కొట్టుకోవద్దు.

ప్యాడ్లు కూర్చోబెట్టడం

కొత్త ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి అలవాటు కావాలి, బెడ్డింగ్ అంటారు. దీనికి ఘాట్ ఎక్కొద్దు, ఊర్లో కూడా వద్దు. తెల్లవారి ఖాళీగా ఉన్నప్పుడు చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డులో వెనక ఎవరూ లేని చోట చేసుకోండి. 80 నుంచి 20 దాకా ఒక మోస్తరు గట్టిగా బ్రేకు, పూర్తిగా ఆపకూడదు, మళ్లీ వేగం అందుకొని మళ్లీ, ఎనిమిది పది సార్లు. కొంచెం వాసన వస్తాది, అది మామూలే. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా మెల్లగా నడిపి చల్లారనియ్యండి. ప్యాడ్ కంపెనీ డబ్బా మీద వేరే పద్ధతి రాసుంటే అదే పాటించండి. డిస్కు మీద సమానంగా బూడిద రంగు పొర వస్తే కూర్చున్నట్టే. వేడి మీద ఉన్న డిస్కు మీద కారు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ గుర్తు ఒకే చోట అంటుకుంటాది, అది కూడా తర్వాత వణుకే.

అదే కారణంగా కొండ దిగినాక అలిపిరిలో వెంటనే హ్యాండ్‌బ్రేక్ బిగించి పెట్టొద్దు, గేరులో ఉంచి చక్రానికి అడ్డం పెట్టండి. నీళ్లు చల్లడం అసలే వద్దు, ఎర్రగా కాగిన డిస్కు పగిలిపోతాది. దిగేటప్పుడు మాన్యువల్ అయితే రెండో గేరు, మూడో గేరు, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి అదే, మలుపుకి ముందు గట్టిగా ఒకసారి కొట్టి వదిలేయండి, పొడుగునా కాలు ఆనించి ఉంచొద్దు. పెడల్ మెత్తబడినట్టు అనిపిస్తే టకటకా పంపు చేయండి, గేరు దించండి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతా కొండ పక్కకి ఆపుకోండి, లోయ పక్కకి కాదు. అరగంట ఆగండి. తిరుమల ఘాట్‌లో టైం చూసి జరిమానా వేసేది త్వరగా దిగినోళ్లకే, ఆలస్యంగా దిగినోళ్లని ఎవరూ ఏమనరు.

ఇంక మిగతా మాడిఫికేషన్లు

బ్రేకుల తర్వాత చల్లదనం. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో ట్రాఫిక్‌లో నిలబడితే ఈ ఇంజన్లు అల్లాడిపోతాయి. బాక్స్‌స్టర్, కేమన్ లాంటి వాటికి ముందు బంపర్ గాలి రంధ్రాల్లో ఎండుటాకులు, పురుగులు పేరుకొని రేడియేటర్ని, ఏసీ కండెన్సర్ని తినేస్తాయి, బంపర్ తీసి వ్యాక్యూమ్‌తో లాగేయండి, తర్వాత ఆ రంధ్రాలకి సన్నటి జాలీ కట్టండి, ఖర్చు దాదాపు లేదు. కూలెంట్ కంపెనీ చెప్పిన రకమే, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు పోస్తే మన ఉప్పు నీళ్లకి గీజర్ కాయిల్ ఎట్లా తయారవుతాదో రేడియేటర్ లోపలా అట్లానే. రంగు ఒకటే అని రెండు కంపెనీలవి కలపొద్దు.

మంచి మాడిఫికేషన్ ఇంకోటి కావాలంటే స్టీల్ అల్లిక బ్రేక్ పైపులు వేయించండి, పాత రబ్బరు పైపులు ఉబ్బే కార్లకి పెడల్ గట్టిదనంలో తేడా కాలికి తెలుస్తాది, కారుకి తగ్గట్టు తయారుచేసిన సెట్టే తీసుకోండి, లోకల్‌గా కొట్టించినవి వద్దు. స్ప్రింగులు దించే పని మాత్రం నేను వద్దనే అంటాను, కరకంబాడి రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద ఉన్న ఎత్తుకే కింద రాసుకుంటా పోయే కారుని ఇంకా దించి ఇంజన్ అడుగునుండే ఆయిల్ సంప్ పగలగొట్టుకునేది ఎందుకు. ఎగ్జాస్ట్, రీమ్యాప్ చేయించేముందు చట్టం ఒకసారి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ తయారుచేసిన దానికి తేడా వచ్చేట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 దాకా జరిమానా ఉండొచ్చు, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్చి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వేరే. కర్ణాటక నంబరు బండి ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే ఎన్‌ఓసీ తెచ్చి మన నంబరు వేయించుకోవాలి, అది కూడా ఈ పనుల లిస్టులోనే రాసుకోండి.

తీసిన పాత ఫ్లూయిడ్ సీసాలో మూత పెట్టి పిల్లలకి, కుక్కలకి అందకుండా ఉంచి, ఆటోనగర్‌లో పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే చోట అడిగి ఇవ్వండి, కానీ ఆయిల్‌లో కలపకుండా విడిగా. కాలవలో పోయొద్దు. మిగిలిన కొత్త ఫ్లూయిడ్ వచ్చే ఏడాదికి పనికొస్తాదని దాచొద్దు, తెరిచిన డబ్బా అప్పటికి తేమ పట్టి ఉంటాది. ఈ రోజు తారీఖు, కిలోమీటర్లు, వేసిన ఫ్లూయిడ్ పేరు ఒక టేపు మీద రాసి రిజర్వాయర్ పక్కన అంటించండి.